ముందు ముసుగు, తర్వాత మహనీయుడు

మా బోడగుట్ట మున్సిపాలిటీలో నీళ్లు లేవని ఎవరైనా అంటే నమ్మకండి. నీళ్లున్నాయి. ఆధునిక యుగంలో అందరికన్నా గొప్ప ఆలోచనాపరుడి కాళ్ల కింద ఉన్నాయి. ఆ కాళ్లు అక్కడికి ఎలా వచ్చాయో చెబుతాను. ఒక్క ముక్క కూడా కల్పించనక్కర్లేకుండా ఆఫీసువాళ్లే అంతా సిద్ధం చేసిపెట్టారు.

పోయిన జనవరిలో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రతి మున్సిపాలిటీ ఆధునిక యుగంలో అందరికన్నా గొప్ప ఆలోచనాపరుడు ఎవరో తేల్చి, ఆయన విగ్రహం నిలబెట్టాలి. ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకోవాలి. నూరు ఊళ్లు నూరుగురిని తేలిస్తే అందరికన్నా గొప్పవాళ్లు నూరుగురు ఎలా ఉంటారని పక్క మున్సిపాలిటీలో ఒక గుమాస్తా అడిగాడట. ఆయన ఇప్పుడు అడవి అంచున చెక్‌పోస్టులో లారీలు లెక్కపెడుతున్నాడు. మా ఊళ్లో ఎవరూ అడగలేదు.

ఉత్తర్వు వెనక నిబంధనలు కూడా వచ్చాయి. మహనీయుడికి కనీసం ఒక ఆలోచన ఉండాలి. ఆ ఆలోచన వల్ల ఎవరి మనోభావాలూ గాయపడి ఉండకూడదు. పదకొండు శాఖల నుంచీ, ఊళ్లోని కులసంఘాలన్నిటి నుంచీ నిరభ్యంతర పత్రాలు తేవాలి. విగ్రహం చుట్టూ ఇనుప కటకటాలు కట్టి తాళం వెయ్యాలి. జయంతినాడు మాత్రం కమిషనర్ స్వయంగా తాళం తీసి, పూలమాల వేసి, సూర్యాస్తమయం దాకా ప్రజలను దగ్గరికి రానివ్వాలి. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంది: పుట్టినరోజు మీద భిన్నాభిప్రాయాలుంటే, ఎవరినీ నొప్పించకుండా, ప్రజలు ప్రమాణపత్రం మీద చెప్పిన తేదీలన్నిటినీ జయంతులుగా జరపాలి. ఈ ఆఖరిదాన్ని గుర్తుపెట్టుకోండి. మా కమిషనర్ గారు అక్కడిదాకా చదవలేదు.

వెంటనే ఒక ఉపసంఘం వేశారు. దానికి అధ్యక్షుడు ఆచార్య శేషశయనం గారు, కాలేజీ ప్రిన్సిపాలుగా రిటైరైన పెద్దమనిషి. కార్యదర్శి మా కమిషనర్ వైకుంఠరావు గారు. అసలు ఆధునిక యుగం ఎప్పుడు మొదలైందన్న ప్రశ్న మీద మూడు సమావేశాలూ, ఆరు పళ్లాల మిర్చి బజ్జీలూ అయిపోయాయి. చివరికి ఆచార్యులవారు తేల్చారు: "మన ఊరు మున్సిపాలిటీ అయిన నాటి నుంచి ఆధునిక యుగం. అంతకుముందు మనది పంచాయతీ. కనుక అది మధ్యయుగం." అందరూ బల్లలు చరిచారు. ఆ లెక్కన మా అమ్మమ్మ మధ్యయుగంలో రేషన్ కార్డు తీసుకుంది.

ఇక స్థలం. ఊళ్లో ఖాళీ జాగా ఉన్న ప్రతి కూడలిలో ఇదివరకే ఒక విగ్రహం ఉంది. కోర్టు కేసులు లేని ప్రభుత్వ భూమి ఎక్కడుందా అని సర్వేయరు వారం రోజులు గొలుసు పట్టుకుని తిరిగాడు. ఒక్కటే దొరికింది. కార్ఖానగడ్డలో, బోరింగు కింద రెండు గజాలు.

కార్ఖానగడ్డ అంటే మా పేట. నాలుగు వందల పన్నెండు ఇళ్లు. ఇంటికొక ఆడమనిషి, ఒక్కోచోట ఇద్దరు ముగ్గురు, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. పేటకంతా చేత్తో కొట్టే బోరింగు ఒకటే. మున్సిపాలిటీ అయిన కొత్తలో, ఏదో ఎన్నికల ఊపులో, వేశారు. పైపులు కూడా పరిచారు గానీ వాటిలో ఇప్పటిదాకా గాలి తప్ప ఏమీ రాలేదు.

అదే జాగా ఖాయం చేశారు. అయితే మహనీయుడు ఇంకా ఖాయం కాలేదు. మార్చి ముప్పై ఒకటి దాటితే మంజూరు మురిగిపోతుంది. అప్పుడు కాంట్రాక్టర్ గంగాకిషన్ ముందుకొచ్చాడు.

"దానికెందుకు సార్ ఫికరు? మహనీయులందరికీ ఒంటి కొలత ఒకటే. కండువా, ఎత్తిన చెయ్యి. ఒల్లు నిలబెట్టి ముసుగేస్త. మీరు పేరు తేల్చినంక తలకాయ బిగిస్త."

కమిషనర్ గారి కళ్లు మెరిశాయి. "ముందు ముసుగు, తర్వాత మహనీయుడు" అని తీర్మానం రాయించారు. మార్చి ముప్పై ఒకటి పొద్దుగూకేలోపల కార్ఖానగడ్డలో ఒక దిమ్మె లేచింది. దాని మీద పసుపుపచ్చ గుడ్డ చుట్టిన నిలువెత్తు ఆకారం. గుడ్డ కింద ఒక చెయ్యి ఆకాశంకేసి ఎత్తి ఉంది. బోరింగు లేదు.

మర్నాడు సాయవ్వక్క నన్ను వెంటపెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి ఆమెకు. నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. పేటకు అర్జీలు రాసిపెట్టేది నేను గనుక నన్ను లాక్కొచ్చింది. అంతేగాని మాట్లాడటానికి ఆమెకు నా సాయం అక్కర్లేదు.

"సారూ, మా బోరింగు యేడికి పోయింది?"

"సదరు చేతిపంపును ప్రజోపయోగం దృష్ట్యా తొలగించడమైనది."

"బోరింగు తీసుడు ప్రజోపయోగమా?"

"చూడమ్మా, నీరు దేహదాహం తీరుస్తుంది. మహనీయుడు మేధోదాహం తీరుస్తాడు. ఏది ఉన్నతమైనది?"

"మీ మేజ మీద సీసల ఏమున్నది సారూ? మేధనా?"

కమిషనర్ గారు మంచినీళ్ల సీసాను ఫైలు వెనక్కి జరిపారు. "మహనీయుడెవరో తేలిన అనంతరం, విగ్రహావిష్కరణ పిదప, ప్రత్యామ్నాయ నీటివసతి విషయం సానుభూతితో పరిశీలించబడును."

"ఎన్నడు తేలుతది?"

"ఆలోచనాపరులను తొందరపెట్టకూడదమ్మా."

బయటికొచ్చాక సాయవ్వక్క ఉమ్మేసింది. "తమ్మీ, గాయనెవలో గాని, జల్ది తేల్చమను. నాకు వెయ్యి బీడీలు దినాం పడాలె. లేకుంటె బీడీ కార్డు పోతది."

అది మాత్రం ఉట్టి మాట కాదు. నీళ్ల కోసం ఆడవాళ్లు రైల్వే గేటు అవతల ఒక తోట మోటారు దగ్గరికి నడవాల్సి వచ్చింది. పోనూ రానూ గంటన్నర. అలా రోజుకు రెండుసార్లు. వెయ్యి చుట్టే మనిషి ఆరువందలకు పడింది. బీడీ కార్ఖానా పని పంచే టేకేదారు చుట్టడానికిచ్చే ఆకు తగ్గించాడు. ఇంకో ఆరు నెలలు ఇలాగే సాగితే కార్డు కొట్టేస్తానని చెప్పాడు. కార్డు పోతే నలభై ఏళ్ల పనికి వచ్చే పింఛనూ పోతుంది. అటు గడువు అలా పరుగెడుతుంటే, ఇటు ఉపసంఘం బజ్జీలు తింటూ ఆలోచిస్తోంది.

ప్రతిపాదనలు వచ్చాయి. మొదట ఒక పాతకాలపు బడిపంతులు పేరు వచ్చింది. పిల్లలు దేన్నైనా ప్రశ్నించాలని ఆయన జీవితమంతా చెప్పాడు. విద్యాశాఖ అభ్యంతరం చెప్పింది: నిజంగానే ప్రశ్నిస్తే జవాబులు చెప్పే సిబ్బంది తమ దగ్గర లేరట.

తర్వాత ఒక సంస్కర్త. కులాలు పోవాలన్నాడు. దీనికి ఊళ్లోని పంతొమ్మిది కులసంఘాలూ ఒకే పందిరి కింద, ఒకే జంపఖానా మీద కూర్చుని, ఒకే కుండలో వండిన పులిహోర తిని, ఏకగ్రీవంగా అభ్యంతరం చెప్పాయి. ఆ మహానుభావుడు కోరుకున్నది మా ఊళ్లో ఆ ఒక్క పూట నెరవేరింది.

మరొకాయన అధికారులు ప్రజలకు నౌకర్లన్నాడు. ఆయన ఫైలు కమిషనర్ గారి గదిలోకి వెళ్లింది. ఇంతవరకూ బయటికి రాలేదు. ఇంకొకాయన ప్రకృతి రహస్యాలు కనిపెట్టిన శాస్త్రవేత్త. అంతా బాగానే ఉందిగాని ఆలోచించేటప్పుడు బీడీ కాల్చేవాడని ఆరోగ్యశాఖ కొట్టిపారేసింది. బీడీలు చుట్టి బతికే ఊళ్లో!

చివరికి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడు మిగిలాడు. ఏ శాఖకూ అభ్యంతరం లేదు. ఏ కులానికీ లేదు. పత్రాలన్నీ వారంలో వచ్చేశాయి. ఇక ఆయన్నే ఖాయం చెయ్యబోతుండగా ఆచార్యులవారు ఆయన రాసిన పద్నాలుగు పుస్తకాలూ తెప్పించుకుని నాలుగు రోజులు చదివి దిగాలుగా వచ్చారు. "ఎంత వెతికినా ఒక్క ఆలోచన కూడా దొరకలేదు" అన్నారు. నిబంధన నిబంధనే.

ఈలోగా ముసుగులో ఉన్నాయన పలుకుబడి పెరిగిపోయింది. ఎత్తిన చెయ్యి చూసి ఒక పార్టీవాళ్లు, "పిడికిలి బిగించాడు, మావాడే" అన్నారు. ఇంకొకరు, "దీవిస్తున్నాడు, మావాడే" అన్నారు. మూడోవాళ్లు, "వేలు చూపించి నిలదీస్తున్నాడు" అన్నారు. ట్రాఫిక్ పోలీసులు కూడా ఒక దండ వేసిపోయారు. దండల మీద దండలు పడ్డాయి. వాటిని తినడానికి వచ్చిన మేకలను తోలడానికి ఒక కాపలాదారును పెట్టారు.

జూలైలో ఒక పొద్దున రైల్వే గేటు నుంచి బిందె మోసుకొస్తూ సాయవ్వక్క దిమ్మె దగ్గర ఆగింది. కాపలాదారుతో, "అన్నా, జర మొక్కుకుంట" అంది. దిమ్మె ఎక్కి, ఎత్తిన చేతిని గుడ్డ మీదుగా పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. తర్వాత దిగి సరాసరి మా ఇంటికొచ్చింది.

"తమ్మీ, గా మహనీయుడు నాకెర్కే."

"ఎవరక్కా?"

"ఇరవై ఏండ్లు దినాం పట్టుకున్న చెయ్యి. నాకెర్కలేదా? గది మన బోరింగు పిడిరా! గంగాకిషన్ గాడు బోరింగు పీకనే లేదు. దాని సుట్టే దిమ్మె కట్టి, గడ్డి సుట్టి, గుడ్డ కప్పిండు."

నేను అప్పటికప్పుడు వెళ్లి గుడ్డ పీకేద్దామన్నాను. సాయవ్వక్క నా నెత్తిన మొట్టింది. "పీకితే నిన్ను జైల్ల ఏస్తరు, బోరింగును స్టోర్ల ఏస్తరు. ఆల్ల చేతనే పీకియ్యాలె. గా దరఖాస్తు కాయితం తీ."

అలా ఆధునిక యుగపు అత్యున్నత ఆలోచనాపరుడి పదవికి మా పేట నుంచి ఒక ప్రతిపాదన వెళ్లింది. ఆమె చెప్పింది, నేను రాశాను. ఒక్క అబద్ధం లేదు. పేరు అన్నచోట "ప్రస్తుతం ముసుగులో ఉన్నవారు" అని రాశాం. నివాసం కార్ఖానగడ్డ. మున్సిపాలిటీ అయిన కొత్తలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఏనాడూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఏ కులంవాళ్లు పట్టుకున్నా అభ్యంతరం చెప్పలేదు. ఆస్తులు కూడబెట్టలేదు. వేసవిలో మాత్రం కొద్దిగా అలసిపోతారు. వారి ఆలోచన ఏమిటి అన్నచోట సాయవ్వక్క చెప్పింది: "ఎవలు వంగి కట్టపడితే ఆల్లకే ఫలితం."

ఆ వాక్యం చూసి కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారట. "అద్భుతం! ఇందులో ప్రభుత్వం చెయ్యాల్సింది ఏమీ లేదు!"

పదకొండు శాఖలూ తొమ్మిది రోజుల్లో పత్రాలిచ్చాయి. మాటే మాట్లాడని మనిషి మీద పోలీసులకు కేసు దొరకలేదు. కులసంఘాలు పంతొమ్మిదీ ఎవరికి వాళ్లు ఆయన తమవాడేనని రహస్యంగా నమ్మి సంతకాలు చేశాయి. ఉపసంఘంలో ఒక్క సభ్యుడు మాత్రం, "ఇంతకీ ఆయన పేరేమిటి?" అన్నాడు.

ఆచార్య శేషశయనం గారు కళ్లజోడు తీసి అతని వైపు జాలిగా చూశారు. "పేరు తెలిస్తే కులం తెలుస్తుంది. కులం తెలిస్తే అభ్యంతరం వస్తుంది. అభ్యంతరం వస్తే మళ్లీ మొదటికి వస్తాం. ఆధునిక యుగానికి కావలసింది పేరు కాదు నాయనా, ఏకాభిప్రాయం."

"మరి తలకాయ ఎవలది బిగించాలె సార్?" అని గంగాకిషన్ నీళ్లు నములుతూ అడిగాడు.

"ఎవరి తలా వద్దు. ఏ తల పెట్టినా ఎవరో ఒకరు గొడవ చేస్తారు. ఎలా ఉన్నారో అలాగే ఆవిష్కరిద్దాం."

గంగాకిషన్ ఆ సాయంత్రమే మేనత్త ఊరికి వెళ్లాడు. ఆ మేనత్త ఏ ఊళ్లో ఉందో వాళ్లావిడకు కూడా తెలియదు.

ఆగస్టులో ఆవిష్కరణ. మంత్రిగారు వచ్చారు. అంతకు రెండు రోజుల ముందే గెజిట్‌లో పేరు లేకుండానే ప్రకటన వచ్చేసింది. పేట ఆడవాళ్లందరూ బిందెలతో వచ్చి కూర్చున్నారు. పోలీసులు ఆపబోతే సాయవ్వక్క, "మంగళ కలశాలు సారూ" అంది. మంత్రిగారు మైకు పట్టుకుని, "ఈ మహనీయుడి రచనలు నేను చిన్నప్పుడే చదివాను. నా మీద ఆయన ప్రభావం ఎంతో ఉంది" అని అరగంట మాట్లాడారు. తర్వాత తాడు లాగారు.

గుడ్డ జారింది. గడ్డి రాలింది. పిడి ఆకాశంలోకి ఎత్తి, మెడలో ఎండిన బంతిపూల దండలతో, మా బోరింగు బయటపడింది.

చప్పట్లు కొట్టబోయిన చేతులు అలాగే ఉండిపోయాయి. బ్యాండువాళ్లు మాత్రం ఎవరో సైగ చేశారనుకుని వాయించారు. మంత్రిగారు కమిషనర్ వంక చూశారు. కమిషనర్ గారు ఆచార్యులవారి వంక చూశారు. ఆచార్యులవారు ఆకాశం వంక చూసి, ఒక క్షణం ఆలోచించి, గంభీరంగా అన్నారు: "ప్రతీకాత్మకం."

"ఆఁ, ప్రతీకాత్మకం!" అన్నారు మంత్రిగారు, బతుకుజీవుడా అని. గెజిట్‌లో వచ్చినదాన్ని వెనక్కి తీసుకోవాలంటే తప్పు జరిగిందని ఒప్పుకోవాలి. తప్పు ఒప్పుకోవడానికి మా మున్సిపాలిటీలో నమూనా కాగితం లేదు. కనుక ఆ పూటే బోరింగు ఆధునిక యుగంలో అందరికన్నా గొప్ప ఆలోచనాపరుడైంది. పక్క ఊళ్లవాళ్ల ఎంపికలు చూశాక నాకిది అంత అన్యాయంగా కూడా తోచలేదు.

ఆడవాళ్లు బిందెలతో లేచారు. నలుగురు ముందుకెళ్లారో లేదో కమిషనర్ గారు అడ్డం నిలబడ్డారు. "ఆగండి! అది ఇక చేతిపంపు కాదు. మహనీయుడు. ముట్టుకుంటే విగ్రహాన్ని అవమానించిన నేరం కింద కేసు." మర్నాటికల్లా చుట్టూ కటకటాలు లేచాయి. తాళం పడింది. ఇప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో మాకు తెలుసు, కళ్లకు కనిపిస్తున్నాయి కూడా. కార్డు గడువుకు ఇంకా ఆరు వారాలుంది.

ఆ రోజు సాయవ్వక్క చాట ఒళ్లో పెట్టుకుంది గాని ఒక్క బీడీ చుట్టలేదు. "నాదే తప్పు తమ్మీ. గుడ్డ కింద ఉన్నన్ని దినాలు కనీసం మన బోరింగే ఉండె."

నాకు చేతకాని కోపం వచ్చింది. ఉత్తర్వు నకలు తీసి, కోర్టుకు పోదామని, మొదటి నుంచి చివరిదాకా చదివాను. చివరిదాకా అంటే ఆ చిన్న అక్షరాల దాకా.

మర్నాడు ఇద్దరం మళ్లీ ఆఫీసుకు వెళ్లాం.

"సారూ, మా మహనీయుని జయంతి ఎన్నడు?" అంది సాయవ్వక్క చేతులు కట్టుకుని.

కమిషనర్ గారు మెత్తబడ్డారు. పేటలో భక్తి పుట్టిందనుకున్నారు. "బోరు వేసిన తేదీ చూడాలి. సదరు రికార్డు చెదలు తినివేసినందున లభ్యం కాలేదు. మీ పెద్దవాళ్లకు గుర్తుంటే ప్రమాణపత్రం మీద రాసివ్వండి."

"ఎంతమందిమి ఇయ్యొచ్చు?"

"ఎంతమందైనా ఇవ్వవచ్చునమ్మా. ఇది ప్రజాస్వామ్యం."

వారం తిరిగేసరికి నాలుగు వందల పన్నెండు ప్రమాణపత్రాలు ఆయన బల్ల మీద పడ్డాయి. ఒక ముసలామె తన పెద్దకూతురు పుట్టిన రోజునే బోరు వేశారని రాసింది. పక్కింటామె, కాదు, తన బర్రె ఈనిన రోజని రాసింది. పీరీల పండుగ అని ఒకరు, బతుకమ్మ ఎత్తిన రోజని ఒకరు, మొగుడు పారిపోయిన రోజని ఒకరు. నిజంగా ఎవరికీ గుర్తు లేదు. ఏ తేదీ తప్పో మున్సిపాలిటీకీ తెలియదు. ఏడాదిలో ఒక్క రోజూ వదల్లేదు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని మాత్రం విడిచిపెట్టాం. నాలుగేళ్లకు ఒక్క సెలవైనా కమిషనర్ గారికి ఉండాలి కదా.

"ఇది... ఇది నిబంధనల దుర్వినియోగం!" అన్నారాయన.

"అయితే ఏ జయంతి కొట్టేస్తరో చెప్పుండ్రి సారూ. ఆ ఇంటోల్ల మనోభావాలు మస్తు గాయపడ్తయి."

ఆయన ఎవరి జయంతినీ కొట్టెయ్యలేదు. ఇప్పుడు రోజూ పొద్దున ఆరు గంటలకు కమిషనర్ గారి జీపు కార్ఖానగడ్డకు వస్తుంది. ఆయన దిగి, తాళం తీసి, పూలమాల వేసి, రెండు నిమిషాలు మహనీయుడి ఆశయాల గురించి మాట్లాడి, నమస్కారం పెడతారు. తర్వాత ఆడవాళ్లు జలాభిషేకం మొదలుపెడతారు. అభిషేకం చేసిన నీళ్లు బిందెల్లో పడతాయి. సాయవ్వక్క కార్డు నిలబడింది. మొన్న వెయ్యిన్నూట యాభై చుట్టింది.

పోయిన వారం బోరింగు వాషరు అరిగిపోయి నీళ్లు ఆగాయి. ఇదివరకు వాషరు కోసం నేను పదకొండు అర్జీలు రాస్తే రెండేళ్లకు ఒక మనిషి వచ్చి చూసి, వాషరు పోయిందని చెప్పి వెళ్లిపోయాడు. ఈసారి అర్జీ రాయలేదు. మహనీయుడు మౌనం వహించారని ఆఫీసుకు కబురు చేశాం. అరగంటలో ముగ్గురు ఇంజినీర్లు పరుగెత్తుకొచ్చారు.

వాళ్లు వాషరు బిగిస్తుంటే కమిషనర్ గారు చెమట తుడుచుకుంటూ పక్కన నిలబడ్డారు. సాయవ్వక్క ఆయనకు ఒక చెంబు నీళ్లిచ్చింది. ఆయన గటగటా తాగి, చెంబు తిరిగిచ్చి, "బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నానమ్మా" అన్నారు.

"అయ్యో, గప్పుడే పోతరా సారూ? ఆధునిక యుగంల రెండో గొప్ప ఆలోచనాపరుడెవలో ఇంకా తేల్చలేదు గదా. మా గల్లీ మూల మీద దీపం కంబం ఒకటున్నది. నాలుగేండ్లయింది ఎలగక. పాపం, గది సుత ఇప్పటిదాంక ఎవల్నీ ఒక్క మాట అనలే."